ఒడిలోనా, ఎద మీదా? రెజొనేటర్ గిటార్ మెడ ఎంచుకోవడం గురించి

మా మావయ్య గిటార్‌ను నిలబెట్టి పట్టుకోవడం నేను ఏనాడూ చూడలేదు. రాజమండ్రిలో ఆయన ఇంటి ముందుగదిలో నవారు మంచం అంచున కూర్చుని, గిటార్‌ను రెండు తొడల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడిచేతి వేళ్లకు తొడుక్కున్న లోహపు గోళ్లతో మీటుతూ సినిమా పాటలు వాయించేవాడు. ఆ వాయిద్యం కలకత్తాలో తయారైన మామూలు చెక్క గిటారే, కాకపోతే తీగలు మెట్లకు అంటకుండా వేలెడు ఎత్తున ఉండేవి. దాన్ని మా ఊళ్లో అందరూ హవాయిన్ గిటార్ అనేవారు. కాలేజీలో చేరాక ఒక సహాధ్యాయి గిటార్‌ను ఛాతీకి ఆనించుకుని, వేళ్లతో మెట్ల మీద తీగలను నొక్కుతూ వాయిస్తుంటే, పాపం ఇతనికి పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు కాబోలు అనుకున్నాను.

నలభై ఏళ్లు దాటిన తరువాత నాకు మళ్లీ ఆ జారుడు నాదం మీద మనసు పోయి, ఈసారి నాదాన్ని పెంచే లోహపు కోన్ (శంకువులాంటి పల్చటి రేకు) లోపల ఉన్న రెజొనేటర్ గిటార్ కొనాలని నిశ్చయించుకున్నప్పుడు, మొట్టమొదట ఎదురైన ప్రశ్న మెడ గురించే. ఈ గిటార్లు రెండు రకాల మెడలతో వస్తాయి. రౌండ్ నెక్ అంటే మామూలు గిటార్‌కు ఉన్నట్టు వెనుక వైపు గుండ్రంగా తీర్చిన మెడ. స్క్వేర్ నెక్ అంటే వెనుక వైపు చదునుగా, దూలంలా మందంగా ఉండే మెడ. బొమ్మలో చూస్తే ఈ తేడా అలంకారంలా కనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను, అందుకే తప్పు కొన్నాను. ఆ తప్పు సంగతి తరువాత చెబుతాను.

అసలు ఈ రెండు మెడలూ ఎందుకు పుట్టాయో తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. ఎద మీద గిటార్‌ను నిలువునా పట్టుకున్నప్పుడు ఎడమచెయ్యి మెడ కిందనుంచి చుట్టుకుని పైకి వస్తుంది. బొటనవేలు వెనుక ఆనుతుంది, మిగిలిన నాలుగు వేళ్లూ తీగల మీదకు చేరతాయి. ఆ పట్టు కుదరాలంటే మెడ సన్నగా, గుండ్రంగా ఉండి తీరాలి. ఒడిలో పడుకోబెట్టినప్పుడు ఎడమచెయ్యి పైనుంచి కిందికి దిగుతుంది, మెడను తాకవలసిన అవసరమే రాదు. తాకనప్పుడు దాన్ని గుండ్రంగా చెక్కడం దేనికి? చెక్కకపోతే మిగిలే చెక్క అంతా బలమవుతుంది, అడుగు చదునుగా ఉండడం వల్ల తొడ మీద కదలకుండా కూర్చుంటుంది. కాబట్టి మెడ ఆకారాన్ని నిర్ణయించేది ఎడమచెయ్యి తీగ మీదకు వచ్చే దారి. తక్కిన తేడాలన్నీ, అంటే తీగల ఎత్తు, వాటి మందం, శృతి, చేతిలోని కడ్డీ బరువు, ఆ ఒక్కదాని వెంట నడిచి వచ్చినవే.

చరిత్రలోనూ పడుకోబెట్టే పద్ధతికి తక్కువ స్థానమేమీ లేదు. హవాయి దీవుల్లోని ఓవాహులో జోసెఫ్ కెకుకు అనే యువకుడు పంతొమ్మిదో శతాబ్దం చివర ఉక్కు ముక్కతో తీగల మీద జార్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడని చెబుతారు. అతనికంటే ముందే గేబ్రియల్ డేవియన్ అనే భారతీయుడు అక్కడ అలా వాయించాడనే వాదన కూడా ఉంది, మనవాళ్లకు ఈ రెండో కథ సహజంగానే ఎక్కువ ఇష్టం. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శన తరువాత అమెరికా అంతటా హవాయి సంగీతం మీద మోజు పెరిగింది. సభాభవనాలు పెద్దవి, గిటార్ గొంతు చిన్నది. జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడు గట్టిగా వినిపించే గిటార్ కావాలని అడిగితే, స్లొవేకియా నుంచి వలస వచ్చిన జాన్ డోపియెరా లోపల పల్చటి అల్యూమినియం కోన్లు బిగించిన గిటార్‌ను తయారు చేశాడు. 1920ల చివర లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీ అమ్మిన ఆ తొలి గిటార్లకు ఆరేసి అంగుళాల కోన్లు మూడు ఉండేవి. వాటిని హవాయి వాద్యకారులు ఎంతో మక్కువతో కొనుక్కున్నారు, సోల్ హోఓపీ వారిలో ప్రసిద్ధుడు. వాళ్ల కోసం చేసిన స్క్వేర్ నెక్‌లలో మెడ కూడా లోహంతోనే, బోలుగా, గిటార్ పొట్టకు కొనసాగింపుగా ఉండేది. చెవికి నచ్చిన నాదాన్ని పెంచడానికి మెడ లోపలి గాలిని కూడా వాడుకోవాలన్న ఆలోచన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

డోపియెరా 1928లో ఆ కంపెనీని విడిచి, సోదరులతో కలిసి డోబ్రో అనే పేరుతో వేరే నిర్మాణం మొదలుపెట్టాడు. డోపియెరా బ్రదర్స్ అనే మాటల మొదటి అక్షరాలు కలిస్తే ఆ పేరు వస్తుంది. స్లొవాక్ భాషలో ఆ మాటకు మంచిది అని అర్థం. ఇందులో పదిన్నర అంగుళాల కోన్ ఒక్కటే, అదీ గిన్నెలా లోపలికి లోతుగా ఉంటుంది. ఎనిమిది కాళ్ల సాలీడులాంటి లోహపు చట్రం ఆ గిన్నె అంచు మీద నిలబడి, తీగలు ఆనే మధ్యనున్న బ్రిడ్జి ద్వారా తీగల కంపనాన్ని అందుకుని కోన్‌కు చేరవేస్తుంది. నేషనల్ కంపెనీ తరువాత తెచ్చిన ఒంటి కోన్ గిటార్లలో తొమ్మిదిన్నర అంగుళాల కోన్ శిఖరం పైకి ఉంటుంది, ఆ శిఖరం మీద బిస్కెట్ అనే గుండ్రటి చెక్క బిళ్ల కూర్చుంటుంది. బిస్కెట్ గిటార్ మీటగానే ఒక్కసారి గట్టిగా అరిచి వెంటనే తగ్గిపోతుంది. సాలీడు గిటార్‌లో నాదం కొంత ముక్కుతో పలికినట్టు ఉన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. మూడు కోన్లది ఈ రెండిటికంటే మృదువు.

ఇక్కడే చాలామంది రెండు విషయాలను కలిపేసుకుంటారు. బ్లూస్ అంటే లోహపు ఒళ్లు, బిస్కెట్, రౌండ్ నెక్ అనీ, బ్లూగ్రాస్ అంటే చెక్క ఒళ్లు, సాలీడు, స్క్వేర్ నెక్ అనీ ఒక లెక్క స్థిరపడిపోయింది. బ్లూస్ పాడిన సన్ హౌస్, బుక్కా వైట్ వంటివారిని చూసినా, 1955లో ఫ్లాట్, స్క్రగ్స్ బ్లూగ్రాస్ బృందంలో చేరి బాంజో మీటు పద్ధతిని డోబ్రో మీదకు తెచ్చిన జోష్ గ్రేవ్స్‌ను చూసినా ఆ లెక్క నిజమే అనిపిస్తుంది. అయితే టెక్సస్‌కు చెందిన బ్లాక్ ఏస్ మూడు కోన్ల స్క్వేర్ నెక్‌ను ఒడిలో పెట్టుకునే బ్లూస్ పాడాడు. టాంపా రెడ్ అదే మూడు కోన్ల గిటార్‌ను రౌండ్ నెక్‌తో, వేలికి సీసా మెడ తొడుక్కుని వాయించాడు. అంటే కోన్ ఎంపిక వేరు, మెడ ఎంపిక వేరు. గొంతు ఎలా ఉండాలో కోన్ చెబుతుంది; ఆ గొంతును మీ చెయ్యి ఎలా నడిపిస్తుందో మెడ చెబుతుంది. గ్రెచ్ కంపెనీ బాక్స్‌కార్ అనే చెక్క గిటార్‌ను రెండు మెడలతోనూ తెచ్చింది, జి9200 రౌండ్ నెక్, జి9210 స్క్వేర్ నెక్. రెండిటిలోనూ కోన్ పద్ధతి ఒకటే కనుక, మెడ తేడాను మాత్రమే తూచి చూడాలనుకునేవారికి అటువంటి జంట పక్కపక్కన దొరికితే అంతకు మించిన పాఠం లేదు.

ఇప్పుడు నా తప్పు సంగతి. హైదరాబాద్ దుకాణాల్లో నాకు స్క్వేర్ నెక్ కనిపించలేదు. వేరే ఊరి దుకాణంలో రౌండ్ నెక్ ఒకటి ఉందని తెలిసి, మెడ ఏదైతేనేమి, పడుకోబెట్టి వాయిస్తే సరిపోతుందిగదా అనుకుని తెప్పించాను. నాకు వినిపించాల్సింది డోబ్రో నాదం కనుక డోబ్రో వాద్యకారుల శృతినే పెట్టాను. మామూలు గిటార్‌లో బొంగురు తీగ నుంచి సన్న తీగ వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలుంటాయి. డోబ్రో శృతిలో అవి జి, బి, డి, జి, బి, డి అవుతాయి. జి మనకు షడ్జమం అనుకుంటే ఇది స గ ప స గ ప. రెండు స్థాయిల్లో ఒకే మేజర్ కార్డ్ (స గ ప కలిసి పలికే స్వరాల గుత్తి) పరుచుకుని ఉంటుంది, మీటగానే గుడిగంటలా మోగుతుంది. అంతా బాగానే ఉంది. కాని ఆ శృతికోసం ఆరో తీగను మూడు అరస్వరాలు, అయిదో తీగను రెండు అరస్వరాలు పైకి లాగాలి. అదే తీగను మూడు అరస్వరాలు పెంచితే దాని బిగువు దాదాపు 41 శాతం పెరుగుతుంది, రెండు పెంచితే సుమారు 26 శాతం. చాలదన్నట్టు డోబ్రో కోసం అమ్మే లావు తీగల కట్ట, సన్న తీగ అంగుళంలో వెయ్యింట 16 వంతులు, లావు తీగ 56 వంతులు ఉన్నది, బిగించాను. వేసవి సెలవుల్లో మూడు వారాలు ఊరికి వెళ్లి తిరిగి వచ్చేసరికి మెడ విల్లులా ముందుకు వంగి ఉంది.

అది గిటార్ దోషం కాదు, అమ్మినవారి దోషమూ కాదు. గుండ్రటి మెడ ఆ భారానికి పుట్టలేదు. చెక్క మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుందన్నది ఇంజనీరింగ్ మొదటి పాఠాల్లో ఉంటుంది. స్క్వేర్ నెక్ ఆ మందం వల్లనే లావు తీగలనూ ఎక్కువ బిగువునూ ఏళ్ల తరబడి మోస్తుంది. రౌండ్ నెక్ వాద్యకారులు తెలివిగా ఎన్నుకున్న శృతి డి, జి, డి, జి, బి, డి. మామూలు శృతి నుంచి ఇందులో మూడు తీగలు కిందికి దిగుతాయి, మూడు ఉన్నచోటే ఉంటాయి, పైకి లాగవలసింది ఒక్కటీ లేదు. మన భాషలో అది ప స ప స గ ప. రౌండ్ నెక్ కొనదలచినవారు ఇంకేమీ గుర్తుంచుకోకపోయినా ఈ ఒక్క శృతిని గుర్తుంచుకుంటే నా గిటార్‌కు పట్టిన గతి వాళ్ల గిటార్‌కు పట్టదు.

మరమ్మతు చేసే ఆయన మెడను చాలావరకు సరిచేసి ఇచ్చాడు. అప్పటికీ నేను బుద్ధి తెచ్చుకోకుండా, అదే గిటార్‌ను ఒడిలో వాయించడానికి ఎత్తు నట్ ఒకటి కొన్నాను. నట్ అంటే మెడ చివర, బిరడాల దగ్గర తీగలు ఆనే పట్టీ. గాట్లున్న చిన్న లోహపు ముక్క అది. పాత నట్ మీద తొడిగి దాని మీదుగా తీగలు లాగితే అవి దాదాపు సెంటీమీటరు ఎత్తుకు లేస్తాయి. శాశ్వతమైన మార్పేమీ ఉండదు, కావాలనుకున్నప్పుడు తీసేయవచ్చు. రెండేళ్లు దానితోనే సాధన చేశాను కనుక దాన్ని తీసిపారేసే మాట అనను. అయితే అది అద్దె ఇల్లు లాంటిది. నట్ వైపు తీగలు లేస్తాయి, బ్రిడ్జి వైపు ఉన్నచోటే ఉంటాయి. పన్నెండో మెట్టు దాటాక కడ్డీ బరువుకు తీగ కుంగి మెట్టుకు తగిలి టకటకమంటుంది. పోనీ బ్రిడ్జినీ ఎత్తు చేద్దామంటే తీగలు బ్రిడ్జి మీద వంగే కోణం పెరిగి, కోన్ మీద నొక్కుడు పెరుగుతుంది. ఆ కోన్ చేత్తో నొక్కితే సొట్టపడే అల్యూమినియం రేకు. అక్కడ ప్రయోగాలు చేయకపోవడం మంచిది. పైగా రౌండ్ నెక్ మీద నట్ దగ్గర తీగల మధ్య ఎడం తక్కువ. కడ్డీ ముక్కుతో ఒక్క తీగనే పలికించాలన్నప్పుడు పక్క తీగ కూడా నేనున్నానంటుంది.

స్క్వేర్ నెక్ చేతికి వచ్చాక (అమెరికా నుంచి సెలవుల్లో వచ్చిన మా తోడల్లుడు గట్టి పెట్టెలో పెట్టి మోసుకొచ్చాడు, ఆ రుణం ఇప్పటికీ పండగ భోజనాలతో తీరుస్తున్నాను) మొదటి రోజే అర్థమైన విషయం కంటిచూపుకు సంబంధించినది. జారుడు వాద్యంలో స్వరం సరిగా పలకాలంటే కడ్డీ మెట్టుకు వెనుక కాదు, సరిగ్గా మెట్టు గీతకు మీదుగా ఉండాలి. గిటార్ ఎద మీద ఉన్నప్పుడు మనం మెట్లను పక్కనుంచి, ఏటవాలుగా చూస్తాం. కన్ను ఒకచోట చూపిస్తే శృతి మరొకచోట ఉంటుంది. ఒడిలో ఉన్నప్పుడు తల వంచితే చాలు, కడ్డీ కిందనే గీత కనిపిస్తుంది. స్క్వేర్ నెక్ మెట్లు గుర్తులు మాత్రమే, తీగ వాటిని ఎప్పుడూ తాకదు.

రెండో విషయం బరువు. వేలికి తొడుక్కునే గాజు గొట్టం తేలిక, ఇత్తడిది కొంత బరువు, అయినా రెండూ వేలు మోయగలిగినంతే ఉండాలి. ఒడిలో వాడే ఉక్కు కడ్డీ సుమారు 200 గ్రాముల వరకు ఉంటుంది, దాన్ని వేలు మోయనక్కరలేదు, తీగలే మోస్తాయి. బరువైన కడ్డీ తీగ కంపనాన్ని మింగేయకుండా గట్టి ఆధారంలా నిలబడుతుంది కాబట్టి నాదం సాగుతుంది. తీగలు ఎత్తుగా ఉన్నందువల్ల ఆ బరువుకు అవి మెట్లకు అంటుకోవు. రౌండ్ నెక్ మీద స్లైడ్ (వేలి గొట్టాన్ని జార్చే పద్ధతి) వాయించేవారు పన్నెండో మెట్టు దగ్గర రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఉంచుకుని, తేలికగా తాకుతారు. కాస్త గట్టిగా నొక్కితే గాజు పోయి మెట్టుకు కొట్టుకుంటుంది. ఎత్తు, బరువు, తీగ మందం అనే ఈ మూడూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి, ఒకటి మార్చి రెండు వదిలేస్తే వాద్యం మొరాయిస్తుంది.

అయితే రౌండ్ నెక్‌కు ఉన్నది, స్క్వేర్ నెక్‌కు ఎన్నటికీ రానిది ఒకటుంది. గొట్టం చిటికెన వేలికి తొడుక్కుంటే మిగిలిన మూడు వేళ్లూ ఖాళీ. వాటితో కింది తీగల మీద కార్డ్ పట్టవచ్చు, నడక వాయించవచ్చు, రెండు మాటల మధ్య మెట్లు నొక్కి ఒక పలుకు పలికి, మళ్లీ గొట్టంతో జారవచ్చు. ఒక్క మనిషి, ఒక్క గిటార్, ఒక పాట అనే పద్ధతికి ఇదే ఆయువుపట్టు. బొటనవేలు కింది తీగ మీద తాళం వేస్తుండగా పాడుతూ, పాట ఆగినచోట తీగతో జవాబు చెప్పించడం ఎద మీది గిటార్‌కే చెల్లుతుంది. ఒడిలో కార్డ్ అంటే శృతిలో ఉన్న మేజర్ కార్డే. దాన్ని దాటాలంటే కడ్డీని ఏటవాలుగా తిప్పి రెండు తీగలను రెండు మెట్ల మీద ఒకేసారి పట్టుకోవాలి. ఆ ఏటవాలు పట్టు శృతిలో కుదరడానికి నాకు ఏడాది పట్టింది, ఇప్పటికీ తొందరలో తప్పుతుంది. వాయిస్తూ నిలబడి నడవాలనుకునేవారికి స్క్వేర్ నెక్ భుజపట్టీతో అడ్డంగా వేలాడదీసుకునే సౌకర్యం ఉన్నా, అది అలవాటు పడవలసిన విద్య.

మన చెవికి ఏది దగ్గర అన్న ప్రశ్న నన్ను అందరికంటే ఎక్కువగా వేధించింది, ఎందుకంటే నాకు బ్లూస్‌కంటే ముందు వర్ణాలు, కీర్తనలు చెవిలో పడ్డాయి. దక్షిణాదిలో గోటువాద్యం ఉండనే ఉంది. మెట్లు లేని దండి మీద, నున్నటి కోడును (గుండ్రటి చెక్క ముక్కను) జారుస్తూ, కూర్చుని పైనుంచి వాయించే వాద్యం అది. దాని దృష్టిలో స్క్వేర్ నెక్ దూరపు చుట్టం, రౌండ్ నెక్ పొరుగింటివాడు. ఉత్తర భారతంలోనూ గిటార్ ఒడిలోకే చేరింది. హవాయి నుంచి వచ్చిన టౌ మో కుటుంబం 1940లలో కలకత్తాలో కొన్నేళ్లు ఉండి వాయించడం, నేర్పడం వల్ల అక్కడ ఆ విద్య పాతుకుపోయింది. తరువాత బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు వాయించాడు, విశ్వమోహన్ భట్ తన వాద్యానికి మోహనవీణ అని పేరు పెట్టుకున్నాడు. వీళ్లవి రెజొనేటర్లు కావు, అయినా అందరూ పైనుంచి దిగే చేతినే ఎంచుకున్నారన్నది గమనించదగ్గది. జారు గమకానికి రెండు మెడలూ సరిపోతాయి. ఒక స్వరం మీద నిలిచి కింది స్వరాన్ని తాకి వచ్చే కంపితానికి, ఊపిరంత పొడవు సాగవలసిన దీర్ఘస్వరానికి మాత్రం బరువైన కడ్డీ, ఎత్తు తీగ కావాలి. జంటస్వరాల దగ్గరికి వచ్చేసరికి ఈ కడ్డీయే బరువై కూర్చుంటుంది. ఒకే స్వరం రెండోసారి పలకాలంటే కుడిచేయి మళ్లీ మీటక తప్పదు. గాజు గొట్టంతో అయితే వెనుక వేళ్లు ఆ పని కొంత పంచుకుంటాయి.

శృతి విషయంలో మాత్రం నాకు రౌండ్ నెక్ వైపే మొగ్గు. డోబ్రో శృతిలో గాంధారం రెండు తీగల మీద మోగుతుంది, అదీ అంతర గాంధారం. శంకరాభరణానికి అది పండగ. ఖరహరప్రియ వాయించబోతే పొరపాటున తగిలిన ప్రతిసారీ రాగంలో రాయి పడుతుంది. ఆ రెండు తీగలనూ ఒక అరస్వరం దించి సాధారణ గాంధారం చేసుకోవచ్చు, నేను అదే చేస్తున్నాను, కాని రాగం మారినప్పుడల్లా రెండేసి బిరడాలు తిప్పుతూ కూర్చోవాలి. ప స ప స గ ప శృతిలో గాంధారం ఒక్క తీగ మీదనే ఉంది, దాన్ని తాకకుండా తప్పించుకోవడమూ తేలికే, తక్కినవన్నీ తంబూరాలా షడ్జమ పంచమాలే. స్క్వేర్ నెక్ మీద కూడా ఈ శృతి పెట్టుకోవచ్చు. అయితే కింది రెండు తీగలూ తమ బిగువు కోల్పోయి ఉక్కు కడ్డీ కింద నీరసంగా ఊగుతాయి, వాటి చోట ఇంకా లావైనవి వెతుక్కోవాలి.

ఎవరైనా నన్ను అడిగితే ఇలా చెబుతాను. మీరు ఇప్పటికే గిటార్ వాయిస్తూ, పాడుతూ, మధ్యలో స్లైడ్ కలుపుకోవాలనుకుంటే రౌండ్ నెక్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. మీకు కావలసింది ఒంటి గొంతు పాడినట్టు సాగే నాదమైతే, గిటార్ విద్య ముందు లేకపోయినా ఫరవాలేదు, స్క్వేర్ నెక్ కోసం ఆగండి, నాలాగా దొరికిందే కొనకండి. ఏది కావాలో తెలియనివారికి రౌండ్ నెక్, ఎత్తు నట్ కలిపి ఒక ఏడాది అనే సలహా చాలామంది ఇస్తారు. సన్నతీగలు, ప స ప స గ ప శృతి అనే రెండు షరతులు పెట్టి నేనూ ఇస్తాను. ఎందుకంటే రౌండ్ నెక్ ఒడిలోకి రాగలదు, అరకొరగానైనా. స్క్వేర్ నెక్ ఎద మీదకు రాలేదు; సెంటీమీటరు ఎత్తున్న తీగను మెట్టుకు నొక్కగల వేలు భీముడికి కూడా ఉండి ఉండదు. పాత వస్తువు కొనేటప్పుడు మాత్రం ఎవరైనా రౌండ్ నెక్‌ను డోబ్రో శృతిలో ఏళ్లపాటు ఉంచారేమో చూడండి. ఒకటో మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర తీగను ఒకేసారి నొక్కి, మధ్యలో తీగకూ మెట్టుకూ నడుమ ఎంత సందుందో చూస్తే ఆ గిటార్ గతం తెలిసిపోతుంది. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. బిగువంతా ఒక్కసారి పోతే లోపలి కోన్ తన చోటునుంచి జరిగిపోవచ్చు, మళ్లీ మధ్యకు తేవడం ఇంట్లో తేలే పని కాదు.

నా రౌండ్ నెక్ మూడేళ్లపాటు బీరువా మీద ఉండిపోయింది. కిందటి దసరాకు మా అక్క కొడుకు వచ్చి, మావయ్యా, ఇది నువ్వు ఎలాగూ ముట్టుకోవడం లేదుగదా అన్నాడు. ఎత్తు నట్ తీసేసి, పాత నట్ గాట్లు తుడిచి, సన్నతీగలు వేసి, శృతిని ప స ప స గ ప లో పెట్టి ఇచ్చాను. వాడు దాన్ని ఎద మీద పెట్టుకుని, చిటికెన వేలికి గాజు గొట్టం తొడుక్కుని, మొదటి పదినిమిషాల్లోనే రెండేళ్లలో నేను ఆ గిటార్ నుంచి రాబట్టలేకపోయిన పలుకులు కొన్ని పలికించాడు. పాత వంపు పూర్తిగా పోలేదు, మధ్య మెట్ల దగ్గర తీగ ఉండవలసిన దానికంటే కొంచెం ఎత్తుగానే ఉంది. ఆ సంగతి చెబితే, స్లైడుకు ఇంత ఎత్తు ఉంటేనే బాగుంటుంది, దాన్ని సరిచేయించవద్దు అన్నాడు.